ఆపిన గోలీలు ఎటు పోయాయి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఇంట్లోవాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. డాక్టరా అంటే కాదు, నర్సా అంటే కాదు, మందుల షాపా అంటే అదీ కాదు. చివరికి మా అత్తగారే ఒక సమాధానం తయారుచేసుకున్నారు. "డాక్టర్లు మందులు రాస్తరు, మా కోడలు ఆపుతది" అనేవారు. విన్నవాళ్లు ఈమెకేం పోయేకాలం అన్నట్టు నా వైపు చూసేవాళ్లు. అయినా నేను రిటైరయ్యేదాకా చేసిన పనిని అంత సూటిగా చెప్పినవాళ్లు ఇంకొకరు లేరు.

ఫార్మసీ చదువుతున్న పిల్లలు ఈ మధ్య నన్ను పిలిచి మీ అనుభవాలు చెప్పండి మేడం అంటున్నారు. అనుభవాలంటే వాళ్ల ఉద్దేశం విజయాలు. నా దగ్గర ఒక విజయం ఉండేది. రంగు రంగుల గీతలతో, గోడకి అతికించుకునేంత అందంగా ఉండేది. అది ఎట్లా మట్టిలో కలిసిందో చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

హనుమకొండలో ఒక ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడి విభాగం ఉండేది. నేను అక్కడ క్లినికల్ ఫార్మసిస్టుని. ఇంకొకరి కిడ్నీ పెట్టించుకున్న మనిషి బతికినన్నాళ్లూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర లేకపోతే శరీరం కొత్త కిడ్నీని పరాయిదని పసిగట్టి దాని మీద పడుతుంది. దీన్నే మా వాళ్లు రిజెక్షన్ అంటారు. మా రోగులు మాత్రం ఆ మాత్రని ముద్దుగా కిడ్నీ గోలి అనేవాళ్లు. కిడ్నీ గోలి మంచిదే గానీ, శరీరానికి ఉన్న పోట్లాడే గుణాన్ని కూడా అది తగ్గిస్తుంది. అందుకని ఈ రోగులు తుమ్మితే డాక్టర్లకు జ్వరం వస్తుంది. వెంటనే యాంటీబయాటిక్ రాస్తారు. అవసరం లేనిచోట అవి పడ్డకొద్దీ క్రిములు రాటుదేలతాయి. పైగా కొన్ని రకాలు కిడ్నీ గోలితో కలిస్తే కొంప ముంచుతాయి. మార్పిడి రోగులకు రాసిన ప్రతి యాంటీబయాటిక్‌నీ చూడడం, ఎందుకు రాశారని అడగడం, అక్కర్లేనిదాన్ని ఆపించడం నా పని.

ఆ పని నాకు అప్పగించింది పెద్ద సార్. కిడ్నీ డాక్టరు. మా విభాగానికి ఆయనే దిక్కు, ఆయనే భయం. అరిచాడంటే కింద అంతస్తులో టీ కప్పులు వణికేవి. కానీ అరిచిన ప్రతిసారీ సాయంత్రానికి వచ్చి "ఏమ్మా, తిన్నవా" అని అడిగేవాడు. అదే ఆయన క్షమాపణ. అంతకు మించి ఎవరూ ఆశించేవాళ్లు కాదు.

నాకు అసలు యుద్ధం సర్జన్‌తో. నాకంటే బాగా చిన్నవాడు. చేతులు బంగారం. కత్తి పట్టుకున్నంతసేపు దేనికీ భయపడడు, కత్తి కింద పెట్టాక ప్రతిదానికీ భయపడతాడు. రౌండ్సులో మా ఇద్దరి సంభాషణ రోజూ ఒకటే.

"సార్, ఈ పేషెంటుకు జ్వరం లేదు. కల్చర్ పరీక్షలో క్రిములేమీ పెరగలేదు. ఈ ఇంజెక్షన్ ఎందుకు?"

"ఎందుకైనా మంచిది మేడం."

"దేనికి మంచిది సార్?"

"ఎందుకైనా."

పక్కన నర్సులు నోటికి చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఒకరోజు నాకు బాగా మండి గట్టిగానే అడిగాను, మీకింత భయమేంటి సార్ అని. అతను నవ్వలేదు. "మేడం, మీరు ఆపుతరు. ఆపినంక ఆ మనిషికి ఏమన్నా అయితే వాళ్ల అన్నదమ్ములు మీ కాలర్ పట్టుకోరు, నా కాలర్ పడతరు. ఒకసారి పట్టిన్రు గూడ" అన్నాడు. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మనిషి ఇన్ఫెక్షన్‌తో పోయాడట. ఆ తర్వాత నేను అతన్ని అడగడం మానలేదు గానీ, వెక్కిరించడం తగ్గించాను. పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు.

నెలకొకసారి సెమినార్ హాల్లో యాంటీబయాటిక్ కమిటీ కూర్చునేది. సమోసాలు వేడిగా వచ్చిన నెల కోరం ఉండేది. చల్లారిన నెల నేనూ పెద్ద సారూ మాత్రమే ఉండేవాళ్లం. ఆ మీటింగులో నేను నా గ్రాఫు చూపించేదాన్ని. మార్పిడి రోగులకు యాంటీబయాటిక్‌లు వాడడం ఎట్లా తగ్గుతూ వస్తోందో అందులో గీత గీసి ఉండేది. ఆ గీత మెట్లు దిగే కొత్త కోడలిలా నెమ్మదిగా, వినయంగా కిందికి దిగుతూ ఉండేది. కాకి పిల్ల కాకికి ముద్దు. నేను దాన్ని ఫోన్‌లో పెట్టుకుని పెళ్లిళ్లలో కూడా చూపించాను.

ఇక నా గ్రాఫును మట్టిలో కలిపిన దంపతుల సంగతి. మట్టెవాడ దిక్కు పవర్‌లూమ్ మగ్గాల షెడ్డులో పనిచేసే మనిషి ఆయన. రెండు కిడ్నీలూ పోయాయి. భార్య తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అప్పటికి మార్పిడి జరిగి ఏడాది దాటింది. ఆయన నెమ్మదస్తుడు, పదిమందిలో ఉంటే ఉన్నట్టే తెలియదు. ఆయన వంతు మాటలు కూడా ఆమే మాట్లాడేది. క్లినిక్ రోజున మా రోగులంతా ఆస్పత్రి వెనక రేకుల షెడ్డు కింద బెంచీల మీద మాస్కులు కట్టుకుని కూర్చునేవాళ్లు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు, బస్సులో వచ్చేవాళ్లు, ఆటోలో వచ్చేవాళ్లు, అందరూ అక్కడే కలిసేవాళ్లు. అందరికీ ఆమె పెద్దక్క. ఎవరి రిపోర్టు ఎట్లా ఉంది, ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరికి ఉప్పు తగ్గించమన్నారు, అన్నీ ఆమెకు తెలుసు. నేను అటు వెళితే చాలు, సంచిలోంచి సర్వపిండి తీసి నా చేతిలో పెట్టేది. వద్దంటే ఊరుకునేది కాదు.

"తినున్రి మేడమ్. గంత బక్కగున్నరు. మందులన్నీ ఆపి ఆపి మీ ఒంట్ల గూడ ఏమో ఆగిపోయినట్టున్నది."

నేను తినేదాన్ని. చాలా బాగుండేది.

ఒక క్లినిక్ రోజుకే మా ఆస్పత్రికి పైనుంచి పరిశీలన బృందం వస్తుందని కబురు వచ్చింది. యాంటీబయాటిక్‌ల వాడకాన్ని బాగా అదుపు చేస్తున్న విభాగమని మా పేరు అక్కడిదాకా వెళ్లిందట. పెద్ద సార్ కొత్త టై కట్టుకున్నాడు. గోడలకు సున్నం వేశారు. ఆ సున్నం వాసనకో దుమ్ముకో నాకు దగ్గు పట్టుకుంది. మాట్లాడబోతే చాలు, ఖళ్లు ఖళ్లు. గ్రాఫు చూపించాల్సింది నేను, గొంతు చూస్తే అట్లా ఉంది. వేడినీళ్ల ఫ్లాస్కు సంకన పెట్టుకుని తిరిగాను.

బృందం వచ్చే రోజు పొద్దున్నే మగ్గం మనిషిని వార్డులో చేర్చారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. అంటే కిడ్నీ పనిలో వెనకబడుతోందని అర్థం. నెల కిందట బాగానే ఉంది. నేను వెళ్లేసరికి పెద్ద సార్ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. రోగి రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"చేతులు వణుకుతానయి సార్. పోగు తెగితే అతుకబెడదమంటే వస్తలేదు. వారం సంది గిట్లనే" అన్నాడు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

"భయపడ్డవు. భయానికి వణుకుతానయి" అన్నాడు పెద్ద సార్, తనకు తోచిన మెత్తని గొంతుతో. తర్వాత భార్య వైపు తిరిగాడు. "కిడ్నీ గోలి తప్పకుండ ఏసుకుంటాండా?"

"ఒక్క పూట తప్పలే సార్. నేనే నోట్లె ఏస్త."

"బయట మందులేమన్న వాడిన్రా? ఊళ్ల డాక్టర్ దగ్గరకు పోయిన్రా? చెట్ల మందు, పసరు?"

"అయ్యో, బయటి మందు మా గడప తొక్కది సార్. దేవుని మీద ఒట్టు."

ఆమె అబద్ధం ఆడలేదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

పెద్ద సార్ నన్ను వరండాలోకి పిలిచాడు. కిడ్నీ గోలి రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షకు నమూనా హైదరాబాద్ వెళ్లింది, ఫలితం రేపటికి గానీ రాదు. అందాకా ఆగితే రిజెక్షన్ కిడ్నీని తినేస్తుందని ఆయన భయం. పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడదామన్నాడు. రిజెక్షన్ అయితే అదే సరైన పని. కాకపోతే మాత్రం ఉన్న కాస్త రోగనిరోధక శక్తి కూడా పోయి మనిషి ఇన్ఫెక్షన్ల పాలవుతాడు. ఆమె మనకు ఇంకో కిడ్నీ ఇవ్వలేదు కదమ్మా, అన్నాడు. ఆయన గొంతులో అరుపు లేకపోవడం చూసి నాకు నిజంగా భయం వేసింది.

ఇంతలో కింద బృందం వచ్చిందని ఫోను. పెద్ద సార్ టై సర్దుకుని పరుగు. నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేయడానికి వెళ్లింది. నేను సెమినార్ హాలుకు పోవాలి. వరండా చివర మెట్ల దగ్గర నాకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. కళ్లల్లో నీళ్లు.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా వీపు నిమిరింది. ఆమే. మొగుడు మంచం మీద ఉన్నా ఆమె కళ్లు నా దగ్గు మీద పడ్డాయి.

"పొద్దటి సంది సూస్తాన, ఏం దగ్గుతాన్రు మేడమ్. జర ఆగున్రి." రొంటిన దోపుకున్న సంచిలోంచి వక్కల డబ్బా తీసింది. మూత తీసింది. అందులో వక్కలు లేవు. ఎర్రవి, తెల్లవి, పసుపువి, సగం వాడిన గోలీల షీట్లు. రబ్బరు బ్యాండ్లు వేసి దగ్గుకు ఒక కట్ట, జ్వరానికి ఒక కట్ట, మూత్రం మంటకు ఒక కట్ట. మా ఆస్పత్రి మందుల స్టోరు కూడా అంత పొందికగా ఉండేది కాదు. దగ్గు కట్టలోంచి ఒక గోలి చించి నా అరచేతిలో పెట్టింది.

"గిదేసుకోన్రి. మంచి గోలి. మాయనకు గిదే ఏసిన, రెండు రోజులల్ల దగ్గు కతం."

నేను షీటు తిప్పి చూశాను. క్లారిత్రోమైసిన్.

పిల్లలూ, మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఈ మందు వేసుకుంటే కిడ్నీ గోలి ఒంట్లోంచి బయటికి పోదు. లోపలే పేరుకుంటుంది. పేరుకుంటే చేతులు వణుకుతాయి, కిడ్నీ దెబ్బ తింటుంది. చూడ్డానికి అచ్చం రిజెక్షన్‌లాగే ఉంటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దగ్గు తగ్గడానికి వేసిన గోలి కిడ్నీకి ఎసరు పెట్టింది.

"ఇది ఎక్కడిది చెల్లె?" అన్నాను. దగ్గు ఎటు పోయిందో తెలియదు.

"ఘన్‌పూర్ పెదనాయిన ఇచ్చిండు. ఆయనకు మన దవాఖానలనే ఎవరో డాక్టర్ రాసిచ్చిండట. మందంత కొనుక్కున్నంక మీరు సూసి ఆపిన్రట గదా. ఊకె ఉన్నయని నాకిచ్చిండు."

నాకు గుర్తొచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ రైతు. మార్పిడి అయిన మనిషే. ఈ మందు ఆయన సంచిలో చూసి నేను నెత్తి కొట్టుకుని అక్కడికక్కడే ఆపించాను. ఆ వారం గ్రాఫులో అది కూడా ఒక విజయం. ఆయన్ని కాపాడానని సంబరపడ్డాను గానీ, గోలీలు ఎటు పోతాయని అడగాలని నాకు తట్టలేదు. ఆయన అంత మందు చెత్తలో పారేసే మనిషి కాదు. మా దిక్కు ఎవ్వరూ పారెయ్యరు. అన్నం పారెయ్యరు, మందు పారెయ్యరు.

"మిగతావన్నీ ఎవరిచ్చిన్రు?"

"అందరు. ఎవరికి మిగిలినయి వాళ్లు తెచ్చి నా డబ్బల ఏస్తరు. ఎవరికి అక్కెర పడితె వాళ్లకు ఇస్త. అందరిది ఒక్కటే బీమారి గదా మేడమ్, ఒకల గోలి ఒకలకు పనికొస్తది. గవి బయటి మందులా ఏంది, అన్నీ మన దవాఖానల రాసినయే." ఆమె ముఖం వెలిగిపోతోంది. "మీరు పున్నెం కట్టుకున్నరు మేడమ్. మీరు ఆపబట్టి మాకు ఇన్ని మిగులుతానయి."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. సర్జన్ ఎందుకైనా మంచిదని వారానికి రాస్తాడు. రోగి వారానికి కొంటాడు. నేను రెండో రోజు ఆపుతాను. గ్రాఫులో గీత దిగుతుంది, డబ్బాలో మట్టం పెరుగుతుంది. నేను ఎంత బాగా పనిచేస్తే రేకుల షెడ్డు కింద ఆ మందుల దుకాణం అంత బాగా నడుస్తోంది. ఆమె దగ్గర డాక్టరు ఫీజు లేదు, క్యూ లేదు, ఎందుకు రాశారని అడిగే నాలాంటి మనిషి కూడా లేదు.

డబ్బా ఆమె చేతిలోంచి లాక్కుని పరుగెత్తాను. ముందు వార్డులోకి. నర్సు సిరంజి పట్టుకుని మంచం దాకా వచ్చేసింది. "ఆపు!" అని అరిచాను. ఆ మాట అరవడంలో నాకున్నంత అనుభవం ఆ జిల్లాలో ఎవరికీ ఉండదు. నర్సు ఆగిపోయింది. పక్క మంచం మీద అన్నం తింటున్న మనిషి కూడా ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

అక్కడినుంచి సెమినార్ హాలుకు. తలుపు తోసేసరికి తెర మీద నా గ్రాఫు. పెద్ద సార్ ఆ దిగుతున్న గీతను కర్రతో చూపిస్తూ ఇంగ్లీషులో మురిసిపోతున్నాడు. బృందంలో ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. మా సర్జన్ సమోసా ప్లేటుతో పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇగో, మా మేడం వచ్చిన్రు. ఈ ఘనత అంతా ఆమెదే" అన్నాడు పెద్ద సార్.

ఘనత అంతా నా చేతిలో వక్కల డబ్బాలో ఉంది. ఒక్క క్షణం, ఆయన్ని బయటికి పిలిచి చెబుదామా అనిపించింది. కానీ ఆయన ఆ ఊపులో బయటికి వచ్చే రకం కాదు, వార్డులో నర్సు ఎంతసేపు ఆగుతుందో తెలియదు. గ్రాఫు కింద నిలబడి డబ్బా బల్ల మీద బోర్లించాను.

"సార్, గ్రాఫుల తగ్గినయన్నీ ఇందుల ఉన్నయి. మన మగ్గం ఆయన క్లారిత్రోమైసిన్ తిన్నడు. చేతులు వణికేది భయానికి కాదు. అది రిజెక్షన్ కాకపోవచ్చు. కిడ్నీ గోలి లెవెల్ వచ్చేదాక స్టెరాయిడ్ ఆపున్రి."

పెద్ద సార్ ముఖం సున్నం వేసిన గోడలా అయింది. ఒక షీటు తీసి చూశాడు, ఇంకోటి చూశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఆస్పత్రి ముద్ర ఉన్న కవర్లలోనే కొన్ని షీట్లు ఉన్నాయి.

"రిజెక్షన్ అయితే? రేపటిదాక ఆగితే కిడ్నీ పోతే?" అన్నాడు ఆయన. నన్ను కాదు, తనను తనే అడుగుతున్నట్టుంది. నాకు జవాబు తెలియదు. తప్పయితే ఆమె ఇచ్చిన కిడ్నీ నా మాట వల్ల పోతుంది.

అప్పుడు సర్జన్ సమోసా ప్లేటు కింద పెట్టాడు.

"సార్, కిడ్నీ గోలి ఒక్క పూట ఆపుదాం. లెవెల్ చూసినంక స్టెరాయిడ్ సంగతి. ఎందుకైనా మంచిది."

అన్నేళ్లలో ఆ మాట విని సంతోషించడం నాకు అదే మొదటిసారి.

పెద్ద సార్ ఫోన్ తీసి హైదరాబాద్ ల్యాబు వాళ్ల మీద అరిచాడు. ఎంత అరిచాడంటే, రేపు రావాల్సిన ఫలితం ఆ సాయంత్రమే వచ్చింది. కిడ్నీ గోలి ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. గోలి ఆపి, సెలైన్ పెట్టి, రోజూ రక్తం చూశాం. ఎప్పుడు దిగుతుందా అని నా గ్రాఫు గీతను కూడా నేను అంతగా చూడలేదు. కొన్నాళ్లకు క్రియాటినిన్ మెల్లగా కిందికి వచ్చింది. ఒక పొద్దున వెళ్లేసరికి ఆయన దుప్పటి అంచులోంచి ఊడిన దారం తీసి రెండు కొసలూ ముడివేసి చూసుకుంటున్నాడు. ముడి పడింది. నాకేసి చూసి నవ్వాడు.

పరిశీలన బృందం సంగతి చెప్పనే లేదు. తెల్లజుట్టు పెద్దావిడ మమ్మల్ని ఏకిపారేస్తుందనుకున్నాం. ఆవిడ బల్ల మీది షీట్లన్నీ ఓపిగ్గా చూసి, "మా ఇంట్ల కూడా ఇటువంటి డబ్బా ఉన్నదమ్మా. మా ఆయన డాక్టరే" అంది. తర్వాత వాళ్లు మా గురించి ఏం రాశారో నాకు తెలియదు. పెద్ద సార్ నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఒక సాయంత్రం వచ్చి "ఏమ్మా, తిన్నవా" అన్నాడు.

ఆ డబ్బా యజమానురాలికి చెప్పే పని నాకే పడింది. షెడ్డు కింద బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ గోలి లోపల ఏం చేసిందో వివరంగా చెప్పాను. ముందు నమ్మలేదు. నమ్మిన తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. నాకు కోపం చల్లారలేదు. ఆయన మీద అంత ప్రాణం పెట్టుకున్నదానివి, అడగకుండా ఎట్లా వేశావు అని గద్దించాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నన్ను చూసింది.

"కిడ్నీనే ఇచ్చిన మేడమ్. దగ్గుతాంటే గోలి ఇయ్యనా?"

కాసేపటికి నేను కూడా ఏడ్చాను. దగ్గు వల్ల అని చెప్పాను.

తర్వాతి క్లినిక్ రోజున మిగిలిన గోలీలన్నీ తెచ్చి ఇవ్వాలని అందరికీ చెప్పాం. సంచులు సంచులు వచ్చాయి. ఘన్‌పూర్ పెద్దాయన తన మందులతో పాటు తన బర్రెకు వాడిన మందు కూడా తెచ్చాడు, పశువుల డాక్టరు మిగిలింది ఉంచుకోమన్నాడట. సర్జన్ చప్పుడు చేయకుండా వచ్చి తన కారు డ్యాష్‌బోర్డులోంచి తీసిన రెండు షీట్లు ఆ కుప్పలో వేసి వెళ్లిపోయాడు. నేను చూడనట్టు నటించాను. అప్పటినుంచి మా స్టోరులో యాంటీబయాటిక్ రెండు రోజులకు మించి ఒకేసారి ఇవ్వకూడదని నియమం పెట్టించాను. ఏదైనా ఆపితే ఎందుకు ఆపానో రోగి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఆ పనికి గ్రాఫు లేదు. సమోసాలూ లేవు.

డబ్బా మాత్రం ఆమెకు తిరిగి ఇచ్చేశాను. షెడ్డు కింద ఆమె పెద్దరికం ఏమీ తగ్గలేదు. ఎవరైనా గోలి అడిగితే, "మేడమ్‌ను అడుగుపో, నన్నడుగకు" అని గసిరేది. నేను పదిమార్లు చెప్పినా వినని మనుషులు ఆమె ఒక్కసారి గసిరితే వినేవాళ్లు.

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు, ఒక పొద్దున ఆమె దగ్గర్నుంచి ఫోను.

"మేడమ్, ఆయనకు మల్ల దగ్గు లేసింది. రాత్రంత దగ్గిండు. ఏమియ్యాలె?"

"ఏమియ్యకు చెల్లె. తీసుకరా. మేం చూస్తం."

"తులసాకు రసం?"

"వద్దు."

"జర మిరియాల పాలు?"

"వద్దమ్మా. చూసేదాక ఏమియ్యకు. కిడ్నీ గోలి ఒక్కటే, టయానికి."

అవతల ఆయన దగ్గు వినిపించింది.

"మేడమ్, కిడ్నీ ఇచ్చుడు అల్కగుండె. నన్ను పండుకోబెట్టిన్రు, మీరే తీసుకున్నరు. ఆయన పక్కన గిట్ల దగ్గుతాంటె ఏమియ్యకుంట కూసునుడు, గది ఐతలేదు నాతోని."

ఆటో ఎక్కి వచ్చెయ్యమ్మా అన్నాను. వచ్చారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఎక్స్‌రే తీశాం, రక్తం చూశాం, పెద్ద సార్ చూశాడు, సర్జన్ కూడా వచ్చి చూశాడు. మామూలు జలుబు దగ్గు. సర్జన్ పెన్ను తీశాడు. ఆమె ముఖంలోకి చూశాడు, మళ్లీ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయనకు మేమెవ్వరం ఏమీ ఇవ్వలేదు.